మొదటి డికాక్షన్ ఎవరిది?

ఇంట్లో మంచి కాఫీ ఎలా చేసుకోవాలన్న ప్రశ్నకి ఈ పది పదిహేనేళ్లలో దొరికినంత గౌరవం అంతకు ముందు వందేళ్లలో దొరకలేదు. ఏ గింజలు కొనాలి, ఎంత వేయించాలి, ఎంత మెత్తగా విసరాలి, నీళ్లు ఎంత వేడిగా ఉండాలి, ఎన్ని గ్రాముల పొడికి ఎన్ని గ్రాముల నీళ్లు పోయాలి... వీటి గురించి చదువుకున్న మగవాళ్లు గంటల తరబడి మాట్లాడుకోవడం విశాఖపట్నంలోనూ హైదరాబాదులోనూ చాలా ఇళ్లలో విన్నాను. ఇప్పుడిది అభిరుచి. కొందరికి కళ. కానీ ఇవే ప్రశ్నలకి రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి జవాబు చెప్పుకుంటూ వచ్చిన ఆడవాళ్లకి అభిరుచి ఉందని ఎవరూ అనలేదు. "ఆవిడ కాఫీ బాగా పెడుతుంది" అన్నారు, అంతే. పెట్టడం ఆడవాళ్ల పని అయింది, ఆస్వాదించడం మగవాళ్ల సంస్కారం అయింది. నా పేచీ ఈ పంపకం మీద.

ఇంత చిన్న విషయానికి ఇన్ని పేజీలా అని అడిగేవాళ్లు మన స్నేహితుల్లోనే ఉంటారు. హింస, ఆస్తి, చట్టం, కులం ఇన్ని ఉండగా కాఫీ ఏమిటి అంటారు. 'నీలిమేఘాలు' సంకలనం వచ్చిన 1993 నాటికే తెలుగు స్త్రీవాదులు వంటింటిని రాజకీయ చర్చలోకి లాక్కొచ్చారు. అయితే వంటింటి శ్రమ గురించి మాట్లాడినంతగా వంటింటి రుచి గురించి మనం మాట్లాడలేదు. ఎవరు వండుతారు అని అడిగాం. ఎవరు ముందు తింటారు, ఎవరు చివర తింటారు అని అడిగాం. ఇంట్లో రుచి తెలిసిన మనిషి అన్న పేరు ఎవరికి దక్కుతుంది, ఎవరి చేతిలో నుంచి తీసి వాళ్లకిస్తారు అని గట్టిగా అడగలేదు. కాఫీ దగ్గర ఆ ప్రశ్న దాక్కోడానికి చోటు లేదు. ఎందుకంటే కాఫీలో మొదటిది, రెండోది అని కంటికి కనబడేలా వేరు చేసే ఏర్పాటు ఉంది.

మా పుట్టిల్లు విజయనగరం. కాఫీ తాగడం కులానికీ హోదాకీ గుర్తుగా చలామణీ అయిన ఇల్లు. నా చిన్నతనంలో పచ్చి గింజలే కొనేవారు. మామ్మ వాటిని చేటలో పోసుకుని నల్లవీ పుచ్చువీ ఏరేసి, కుంపటి మీద ఇనుప మూకుట్లో వేయించేది. సెగ ఎక్కువైతే గింజ పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, తక్కువైతే పొంగదు. ఆవిడ గడియారం చూసేది కాదు. గింజ చిటపటమన్న చప్పుడు బట్టి, పొగ వాసన బట్టి దించేసి, వెంటనే చేటలో పోసి విసిరి చల్లార్చేది. బల్లకి బిగించిన కాఫీ మరలో ఆ పూటకి ఎంత కావాలో అంతే విసిరేది మా అమ్మ. ఇత్తడి ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, చిల్లుల బిళ్లతో మెల్లిగా అదిమి, ముందు గరిటెడు మరిగిన నీళ్లు చుట్టూ తిప్పి పోసి, పొడి పొంగేదాకా ఆగి, తర్వాత మిగతా నీళ్లు పోసేది. గట్టిగా అదిమితే నీళ్లు దిగవు. వదులుగా ఉంటే చప్పున దిగిపోయి డికాక్షన్ పల్చనైపోతుంది. ఆ మధ్య రకంగా అదమడం చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది.

ఆ దిగిన మొదటి డికాక్షన్ తాతగారికి, నాన్నకి, వీధి అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులకి, కాలేజీకి వెళ్లే అన్నయ్యలకి. అది అయ్యాక అదే పొడి మీద మళ్లీ మరిగిన నీళ్లు పోసేవారు. ఆ రెండోది మామ్మకి, అమ్మకి, అప్పుడప్పుడు పుట్టింటికి వచ్చిన మేనత్తలకి. మూడోసారి కూడా నీళ్లు పోస్తే రంగు మాత్రం వస్తుంది. దానికి బెల్లమో పంచదారో ఎక్కువ తగిలించి, పెరటి గుమ్మం పక్క గూట్లో విడిగా ఉంచిన గ్లాసులో పోసి, గిన్నెలు తోమే ఆవిడకి ఇచ్చేవారు. ఆవిడ పని ముగించుకుని తాగే వేళకి అది ఎలాగూ చల్లారిపోయేది. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒకసారి కాఫీ బాగుందా అని అడిగితే, "ఏడిగా ఉంటే కదమ్మా రుచి ఏటో తెలిసీది, సల్లారినాక అన్నీ ఒక్కటే" అంది. మా ఇంటి కాఫీ గురించి అంత కచ్చితమైన విమర్శ నేను ఇంకెక్కడా వినలేదు.

ఈ వరసని ఎవరూ కాగితం మీద రాయలేదు. ఎవరూ బలవంతం చేసినట్టూ కనబడదు. "మాకు ఆ చిక్కటిది పడదమ్మా, పైత్యం చేస్తుంది" అని ఆడవాళ్లే అనేవారు. పితృస్వామ్యం పని అయిపోయిందనడానికి ఇదే గుర్తు. మిగిలినదాన్ని ఇష్టం అని చెప్పుకోవడం మనకి నేర్పారు. చారులో అడుగు, చేపలో తోక, మీగడ తీసేసిన పెరుగు, రెండో డికాక్షన్ అన్నీ మన ఇష్టాలే!

ఇందులో రుచి సంగతి ఏమిటో కూడా చూద్దాం, ఎందుకంటే రుచి తెలిసినవాళ్లు శాస్త్రం మాట్లాడతారు కదా. వేయించిన కాఫీ గింజలో నీళ్లలో కరిగే పదార్థం మొత్తం బరువులో నాలుగో వంతు పైచిలుకు ఉంటుంది. అదంతా కప్పులోకి రాకూడదు. ఐదో వంతు దగ్గర ఆపితే కాఫీ బాగుంటుందని ఆ రంగంలో వాళ్ల లెక్క. వేడి నీళ్లు తగలగానే మొదట దిగేవి పులుపునిచ్చే ఆమ్లాలు, సువాసనలు. తర్వాత తీపి ఛాయలు. చేదు, వగరు ఆఖరున దిగుతాయి. అంటే మొదటి డికాక్షన్ తీసేశాక పొడిలో మిగిలేది చాలావరకు చేదూ వగరే. మగవాళ్ల కప్పులోకి వాసన వెళ్లింది, ఆడవాళ్ల కప్పులోకి చేదు వచ్చింది అంటే నేను అలంకారంగా అంటున్నానని అనుకోవద్దు. కప్పులో జరిగేదే అది. ఆ చేదుని కప్పిపుచ్చడానికే రెండో డికాక్షన్‌కి చికోరీ ఎక్కువ, పంచదార ఎక్కువ.

ఇక కొత్త రసికుల సంగతి. విశాఖలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు మంచివాడు. తన కాఫీ తానే చేసుకుంటాడు, కప్పు తానే కడుక్కుంటాడు. మా తరం మగవాళ్లతో పోలిస్తే ఎంతో నయం. అతను ఒక పండగకి ఇంటికొచ్చి చిన్న త్రాసు, కొంగ మెడ లాంటి ముక్కున్న కెటిల్, కాగితం ఫిల్టరు అన్నీ బల్ల మీద పేర్చి, ముందు కాసిని నీళ్లు పోసి పొడి పొంగనివ్వాలనీ దాన్ని 'బ్లూమ్' అంటారనీ వాళ్లమ్మకి వివరించాడు. నలభై ఏళ్లుగా గరిటెడు నీళ్లు పోసి ఆగుతున్న మనిషికి! తప్పు ఆ కుర్రాడిది కాదు. వాళ్లమ్మ చేసేది చూస్తూనే పెరిగాడు. అది విద్య అని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇంగ్లీషు పేరుతో వచ్చేదాకా దాన్ని గుర్తుపట్టలేకపోయాడు. పేరు లేని విద్యకి యజమాని ఉండడు. పేరు పెట్టినవాడు ఎత్తుకుపోతాడు.

ఆ కాగితం ఫిల్టరు చరిత్ర తెలుసా? 1908లో జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంజ్ అనే గృహిణి, కాఫీలో మడ్డి వస్తోందని విసిగి, కొడుకు నోటు పుస్తకంలోని అద్దుడు కాగితం చింపి, చిల్లులు పొడిచిన ఇత్తడి గిన్నెలో వేసి కాఫీ వడగట్టింది. దానికి పేటెంటు తీసుకుంది, సంస్థ పెట్టింది. ఈనాడు రసికులు ముచ్చటపడే పద్ధతి ఒక వంటింట్లో, ఒక ఇల్లాలి విసుగులో నుంచి పుట్టింది. 'స్పెషాలిటీ కాఫీ' అన్న మాటనే 1974లో వాడుకలోకి తెచ్చిన ఎర్నా నూట్సెన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కాఫీ వ్యాపార సంస్థలో సెక్రటరీగా మొదలుపెట్టిన మనిషి. రుచి చూసే గదిలోకి ఆవిడ అడుగుపెడితే మేం ఉండం అని అక్కడి మగవాళ్లు పట్టుబట్టారు. ఆవిడ రుచి నేర్చుకుని, తర్వాత ఆ సంస్థనే కొనేసింది. మన దగ్గర 1970ల్లో కాఫీ బోర్డులో చేరిన సునాలినీ మీనన్ ఆసియాలోనే తొలి మహిళా కాఫీ రుచి నిపుణురాలిగా పేరు తెచ్చుకుని, బెంగుళూరులో సొంత ప్రయోగశాల పెట్టారు. ఆడవాళ్ల నాలికకి రుచి తెలియదని కాదు. తెలుసని ఒప్పుకునే గది తలుపు వాళ్లకి మూసేశారు. రోజూ వంటింట్లో పనిచేసే నాలిక జీతం దొరికే గదిలోకి వచ్చేసరికి పనికిరానిదైపోయింది.

కులం మాట లేకుండా ఈ చర్చ నడవదు. ఎ.ఆర్. వెంకటాచలపతి 2006లో వచ్చిన తన ఇంగ్లీషు పుస్తకంలో, తమిళదేశంలో కాఫీ బ్రాహ్మణ మధ్యతరగతికి, టీ పట్టణ శ్రామికులకి గుర్తులుగా ఎలా స్థిరపడ్డాయో చర్చించారు. మద్రాసు రాష్ట్రంలో ఉన్నన్నాళ్లూ ఆ గాలి మన వైపూ వీచింది. 'బ్రాహ్మణ కాఫీ హోటల్' అన్న బోర్డు ఎవరిని పిలిచిందో, ఎవరిని బయట నిలబెట్టిందో విడిగా చెప్పక్కర్లేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పొద్దున్నే కడుపులో పడేది చోడంబలి, గంజి, తరవాణి. తర్వాత తర్వాత టీ. కాఫీ పట్నంలో కొన్ని వీధులది. అందుకే మా ఇంటి పెరట్లో విడిగ్లాసు, ఊళ్లలో టీ దుకాణాల దగ్గర దళితులకి పెట్టిన విడిగ్లాసు ఒకే ఆలోచనకి రెండు రూపాలు. ఇంటి లోపలి ఆడవాళ్లు రెండో డికాక్షన్ తాగినా, ఆ మూడోదాన్ని గూట్లో గ్లాసులో పోసింది ఆ ఆడవాళ్ల చేతులే. అణచివేత మెట్లలో మనకి పైన ఒక మెట్టు ఉందని రాసేటప్పుడు కింద మెట్టు మీద ఎవరున్నారో రాయకపోతే అది సగం నిజం.

ఇంకొక సంగతి ఆకలి. మన ఇళ్లలో ఆడవాళ్లకి కాఫీ చాలాసార్లు ఆస్వాదన కోసం కాదు, ఆకలిని వాయిదా వెయ్యడం కోసం. అందరికీ టిఫిను పెట్టి, డబ్బాలు సర్ది, పిల్లల్ని పంపి, పదిన్నరకో పదకొండుకో తాను తినేదాకా నిలబెట్టేది ఆ గ్లాసే. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీలో పాల్గొనే ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు దాని మీద పెడుతుంటే, పాల్గొనే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. ఆ 289 నిమిషాలకి ఇంధనం కాఫీయో టీయో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి కనీసం గంట ముందూ గంట తర్వాతా కాఫీ, టీలు తాగొద్దని, అవి తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వవని చెప్పింది. రోజుకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దంది. ఫిల్టరు కాఫీ ఒక కప్పులోనే 80 నుంచి 120 మిల్లీగ్రాములుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కాఫీయే కారణం అని నేను అనడం లేదు. తినాల్సిన వేళకి తినడానికి తీరిక లేని మనిషికి రుచి గురించి ఉపన్యాసం ఇవ్వడానికి ముందు, ఆవిడ కప్పు పక్కన ఇడ్లీ ఉందా లేదా చూడమంటున్నాను.

ఇక్కడే ఇన్‌స్టంట్ పొడి గురించి ఒక మాట. దాన్ని చూస్తే రసికులకి వెగటు. ఆ వెగటు నాకు కోపం తెప్పిస్తుంది. పొద్దున్నే పాసింజరు బండి ఎక్కి విజయనగరం నుంచి శ్రీకాకుళం వైపు, పలాస వైపు బళ్లకీ ఆఫీసులకీ వెళ్లే ఆడవాళ్లని అడగండి. వేడినీళ్లలో చెంచాడు పొడి కలిపితే కాఫీ అయిపోయిన రోజున వాళ్లకి దొరికింది పావుగంట నిద్ర. ఆ పావుగంటని నేను తక్కువ చెయ్యను. అయితే ఆ పావుగంట ఎవరికి దక్కిందన్నది కూడా చూడాలి. చాలా ఇళ్లలో అది నిద్రకి పోలేదు, ఇంకో కూరకి పోయింది. కాబట్టి ఇన్‌స్టంట్ విముక్తి, ఫిల్టరు సంప్రదాయం అన్న సులువైన లెక్క కుదరదు. యంత్రమో పొడో పనిని తగ్గిస్తుంది గానీ మిగిలిన పనిని పంచదు. పంచడం మనుషులు చెయ్యాలి.

చికోరీని కూడా ఇలాగే వెక్కిరిస్తారు. చికోరీ ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండిస్తారు. కెఫీన్ ఉండదు, చిక్కదనం, రంగు ఇస్తుంది. 1806లో నెపోలియన్ ఇంగ్లండు సరుకుని అడ్డుకున్నాక ఐరోపాలో కాఫీ గింజలు కరువై చికోరీ వాడకం బాగా పెరిగింది. ఉన్న కొంచెం కాఫీని పదిమందికి సరిపెట్టే తెలివి అది. జీతం రాని ఆడవాళ్లు నెలాఖరులో చేసే సర్దుబాటు కూడా అదే. నా పేచీ చికోరీతో కాదు, ఎంత ఉందో చెప్పకుండా అమ్మడంతో. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదనీ, ఏది ఎంత శాతమో ప్యాకెట్టు మీద రాయాలనీ నిబంధన ఉంది. ఆ చిన్న అక్షరాలు చదవండి. 80:20 అయితే కాఫీ ధర ఇవ్వండి, దాదాపు సగం వేరు ఉన్నదానికి కాఫీ ధర ఎందుకివ్వాలి? విడిపొడి అమ్మే దుకాణంలో అయితే గింజలు మీ ముందే విసరమనండి. 'పీబెర్రీ' అంటే పండులో రెండు గింజలకి బదులు ఒకటే గుండ్రంగా పెరిగినది, 'ప్లాంటేషన్' అంటే పండు తొక్క తీసి కడిగి ఆరబెట్టిన అరబికా, 'చెర్రీ' అంటే పండుని పండుగానే ఎండబెట్టి ఒలిచినది. ఈ మూడు మాటలు తెలిస్తే దుకాణదారు మనతో మాట్లాడే తీరు మారుతుంది. ఎప్పుడు వేయించారో తేదీ అడగండి. గింజలైతే నెలరోజులు, విసిరిన పొడైతే రెండు వారాలు దాటాక వాసన పోతుంది. ఇదంతా మన అమ్మలకి తెలిసిన విషయమే, తేదీలు శాతాల భాషలో చెబుతున్నాను. కొనేది మనమే అయినప్పుడు ఎంచుకునేది కూడా మనమే కావాలి.

ఇంతవరకు ఇల్లు. ఇంటిదగ్గరే ఆగిపోతే నా వాదన మొదటి డికాక్షన్‌లో మనకీ వాటా అడగడంతో ముగిసిపోతుంది. కానీ గింజ ఎక్కడినుంచి వస్తోంది? మా జిల్లాలో శృంగవరపుకోట దాటి ఘాటీ ఎక్కితే అనంతగిరి, ఆపైన అరకు. ఒకప్పటి విశాఖ జిల్లా మన్యం, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. తూర్పు కనుమల్లో కాఫీ 1898లో తూర్పు గోదావరి కొండల్లో పాములేరు లోయలో మొదలైందంటారు. తర్వాత అటవీశాఖ తోటలు వేసింది. పోడు మానిపించడానికి ఆదివాసీల చేత కాఫీ వేయించారు. ఇప్పుడు పాడేరు మన్యంలో కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది. సిల్వర్ ఓక్ నీడన, ఆ చెట్లకి మిరియం తీగలు పాకించి పెంచుతారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు, 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశాధినేతలకి కానుకగా ఇచ్చే స్థాయికి చేరింది. మంచిదే. దశాబ్దాలుగా దళారీల చేతిలో నలిగిన పంటకి పేరు రావడం ఎవరికి చేదు?

అయితే ఆ పేరు వెనక ఉన్న పనిని చూద్దాం. నవంబరు నుంచి కోత. ఒక కొమ్మ మీద పచ్చవి, దోరవి, పండినవి కలిసే ఉంటాయి. మంచి కాఫీ కావాలంటే ఎర్రగా పండినవి మాత్రమే ఒక్కొక్కటీ కొయ్యాలి, మళ్లీ పది పదిహేను రోజులకి అదే చెట్టు దగ్గరికి రావాలి. కోసిన రోజే తొక్క తియ్యాలి, జిగురు పోయేదాకా నానబెట్టాలి, కడగాలి, వారం పది రోజులు తిరగేస్తూ ఆరబెట్టాలి, మంచు పడితే కప్పాలి, ఆరాక నల్లవి, విరిగినవి ఏరాలి. ఆరు కిలోల పండ్లకి ఒక కిలో పచ్చి గింజ మిగులుతుంది. మనం తాగే ఒక్క కప్పుకి సుమారుగా ముప్పై నలభై పండ్లు కావాలి. నేను అనంతగిరి పైన ఊళ్లకి వెళ్లినప్పుడల్లా బుట్ట నడుముకి కట్టుకుని ఆ ముప్పై నలభై పండ్లు కోస్తూ కనబడింది ఎక్కువగా ఆడవాళ్లూ ఆడపిల్లలూ. కళ్లాల దగ్గర కూర్చుని ఏరుతూ కనబడిందీ వాళ్లే. మా మామ్మ చేటలో చేసిన పనే అది, పదింతలు. ఆ ఇళ్లలో నాకు ఇచ్చింది అంబలి, లేదంటే పాలు లేని టీ. కాఫీ తాగరా అని అడిగితే నవ్వారు. అది అమ్ముకోవడానికి!

కొన్ని ప్యాకెట్ల మీద ఆదివాసీ స్త్రీ నవ్వుతూ ఉంటుంది. లోపల రుచి వర్ణనలో నారింజ, చాకొలేట్, పూల తేనె వంటి మాటలుంటాయి. బొమ్మ ఆవిడది, మాటలు ఇంకెవరివో. ఎర్రపండుకీ దోరపండుకీ తేడాని వేల సార్లు రోజూ తేల్చే చేతిని 'కూలి' అంటారు. ఆ తేడాని నాలిక మీద ఒక్కసారి పట్టుకున్నవాణ్ని 'నిపుణుడు' అంటారు. మా ఇంట్లో మామ్మకి జరిగిందే కొండ మీద ఇంకా పెద్ద లెక్కలో జరుగుతోంది. ఇక్కడ ఎవరో ఒకరు, మేం గిట్టుబాటు ధర ఇస్తున్నాం కదా అంటారు. ఇవ్వండి, ఇంకా పెంచండి. నేను అడిగేది ఆ ధర ఏ పేరు మీద పడుతోందని. 2006 అటవీహక్కుల చట్టం నాలుగో సెక్షను, నాలుగో ఉపవిభాగం ప్రకారం, పెళ్లైనవాళ్లకి ఇచ్చే హక్కు భార్యాభర్తలిద్దరి పేరునా నమోదు కావాలి. కాఫీ తోటల విషయంలో ఆ మాట ఎక్కడెక్కడ అమలైంది? గిరిజన సహకార సంస్థ గానీ రైతుల సంఘాలు గానీ ప్రైవేటు కొనుగోలుదార్లు గానీ గింజలకి కట్టే డబ్బు ఎవరి ఖాతాలో జమ అవుతోంది? ఆ సంఘాల సభ్యత్వ పట్టీల్లో ఆడవాళ్లు ఎంతమంది? అరబికా ఏ ఎత్తున పండిందో, 900 మీటర్లో 1100 మీటర్లో, ప్యాకెట్టు మీద రాస్తున్నవాళ్లు ఈ లెక్క కూడా రాయొచ్చు. 2025లో కాఫీకాయ తొలిచే పురుగు అరకు ప్రాంతంలో బయటపడి, సోకిన తోటల్లో కాయలు ఏరి నాశనం చెయ్యాల్సి వచ్చినప్పుడు నష్టం మొదట దిగింది ఆ ఇళ్లలోకే. పారిస్ పేరు పంచుకునేవాళ్లు ఎక్కువ, పురుగు పంచుకునేవాళ్లు తక్కువ.

నా మాటలకి రెండు జవాబులు వస్తాయని తెలుసు. ఒకటి, అంత తప్పుగా ఉంటే కాఫీ మానెయ్యొచ్చు కదా అని. మనం మానేస్తే మా మామ్మకి న్యాయం జరగదు, మన్యంలో కోత కోసే ఆవిడకి అన్నం రాదు. నష్టపోయేవాళ్ల పేరు చెప్పి మన చేతులు కడుక్కోవడం తప్ప అందులో ఇంకేమీ లేదు. రెండోది, రుచిని కూడా రాజకీయం చేస్తే ఇక బతుకులో ఆనందం ఏం మిగులుతుందని. ఆనందం ఎవరిదో ముందు తేలాలి. నాకు కాఫీ ఇష్టం. తెల్లవారుజామున ఫిల్టరులో నుంచి చుక్క చుక్క దిగే చప్పుడు ఇష్టం. ఆ ఇష్టాన్ని నేను వదులుకోను. ఆడవాళ్లకి ఆనందం హక్కు కాదు, మిగులు అని చెప్పిన ప్రతి ఏర్పాటునీ అడగడానికే ఈ మాటలన్నీ.

కాబట్టి చెయ్యాల్సినవి చెబుతాను. ఇంట్లో కాఫీ చేసేవాళ్లు ఎవరైనా సరే, మొదటి డికాక్షన్ అందరికీ సమంగా పంచండి. సరిపోకపోతే అందరూ కొంచెం తక్కువ తాగండి, లేదా అందరూ చికోరీ కలుపుకుని తాగండి. కాఫీ చెయ్యడం అభిరుచి అయిన మగవాళ్లు తమ ఒక్క కప్పుతో ఆగకుండా ఇంట్లో పదిమందికీ, వారంలో ఏడు రోజులూ, ఆరింటిలోపు చేసి చూపించాలి. అప్పుడు కూడా అది కళగానే అనిపిస్తుందేమో వాళ్లే తేల్చుకుంటారు. ఇంట్లో పనిచేసే ఆవిడకి విడిగ్లాసు తీసేసి, మనం తాగేదే, వేడిగా, పని మొదలుపెట్టక ముందే ఇవ్వండి. గింజలు కొనేటప్పుడు ఏ కొండవి అని అడిగినట్టే, సంఘంలో ఆడవాళ్లకి ఓటు ఉందా, డబ్బు వాళ్ల ఖాతాలో పడుతోందా అని కూడా అడగండి. అడిగిన ప్రతిసారీ జవాబు రాదు. వందమంది అడిగితే జవాబు తయారుచేసుకోక తప్పదు.

ఇక మనకి, రాసేవాళ్లకి ఒక పని ఉంది. మన అమ్మలు, మామ్మలు, మన ఇళ్లలో పనిచేసినవాళ్లు, కొండ మీద పండ్లు కోసేవాళ్లు వేళ్లతోనూ చెవితోనూ ముక్కుతోనూ నేర్చుకున్న విద్య ఉంది. గింజ చిటపటమనే చప్పుడుకి మామ్మ ఏ మాట వాడేది, పొడి సరిగ్గా అదిమిందీ లేనిదీ ఏమని చెప్పేది, పండు కొయ్యడానికి వచ్చిందని కొండ మీద కువిలోనో ఆదివాసీ ఒరియాలోనో ఏమంటారు... ఆ మాటలు వాళ్లతోపాటే పోకుండా వాళ్ల పేర్లతో సహా రాసిపెట్టాలి. ఇంగ్లీషు పేరు పెట్టుకుని తిరిగి మన ఇంటికే పాఠంగా వచ్చేదాకా ఆగనక్కర్లేదు. రుచి వాళ్లకి తెలుసు. ఆ సంగతి కాగితం మీద లేదు, అంతే.